ఒకే దిక్కు ఎగిరిన చిలుకలు

వరంగల్లు మట్టెవాడలో కుమారస్వామి మ్యాచింగ్ సెంటర్ వెనక ఒక పొడుగాటి గది ఉంది. ఇంటివాళ్లు ఒక కొసన వంట చేసుకుంటారు, ఇంకో కొసన పని చేసుకుంటారు. ఆ గది గోడకు రోజుకో కాగితం చింపే క్యాలెండరు వేలాడుతుంది. లైనింగు బట్ట అమ్మే సేటు ఏటేటా పంపుతాడు. పొద్దున లేవగానే ఆ కాగితం చింపే హక్కు సమ్మమ్మది. డెబ్బై అయిదేళ్ల సమ్మమ్మకు చదువు రాదు. అయినా నిన్నటి కాగితాన్ని ఒక్క గుంజు గుంజి, కొత్త అంకె వంక చూసి, "ఇగ ఇదొక దినం" అంటుంది. చింపిన కాగితంతో రొట్టెల పెనం తుడుస్తుంది.

కోడలు వినోద కాపురానికి వచ్చిన కొత్తలో ఆ కాగితాలు మాయం కావడం మొదలైంది. సమ్మమ్మ ముందు ఎలుకలను తిట్టింది. తర్వాత కొడుకును తిట్టింది. చివరికి ఒకనాడు కోడలి పెట్టెలో, బిస్కెట్ల రేకు డబ్బాలో, వరసగా పేర్చి కనిపించాయి. తిప్పి చూస్తే తెల్లగా ఉండాల్సిన వెనక వైపున పెన్సిలు బొమ్మలు. వేపపూత రాలిన మెట్టు ఒకదానిమీద. వాన వెలిసాక కరెంటు తీగకు వేలాడుతున్న చుక్కలు ఇంకోదానిమీద. నీళ్ల బిందె కింద మొలిచిన నాచు కూడా.

"గివేందే?" అంది సమ్మమ్మ.

"చూసినయి గీసిన, అత్తమ్మా."

"చూసినయి మల్ల గీసుడెందుకు? ఇంకోసారి చూస్తే అయిపాయె గద."

వినోద జవాబులు చెప్పే మనిషి కాదు. నలుగురున్న చోట మాట్లాడాల్సి వస్తే కొంగు అంచును వేళ్లతో మడత పెట్టడం మొదలుపెడుతుంది. మడత పూర్తయ్యేసరికి మాట దాటిపోతుంది. సమ్మమ్మ కాసేపు చూసి, ఇక నుంచి పెనానికి దినం విడిచి దినం కాగితం ఇమ్మని రాజీ కుదుర్చుకుంది.

చూడడం వినోదకు చిన్నప్పుడే అంటుకున్న జబ్బు. ఆమె పుట్టిల్లు రఘునాథపల్లి దగ్గర. తండ్రి కట్టయ్యకు ముగ్గురు ఆడపిల్లలు, ఒక కొడుకు, రెండెకరాల జొన్నచేను. కంకి పాలుపోసుకునే రోజుల్లో చిలుకల కావలికి నడిమి పిల్ల వినోదను మంచె ఎక్కించేవాడు. చేతిలో ఒడిసెల, పక్కన గులకరాళ్ల కుప్ప. పొద్దు పొడవగానే చిలుకలు వచ్చేవి. ఆకాశంలో ఒక పచ్చ కొంగు దులిపినట్టు వచ్చి, చేను మీద ఒరిగి, కంకులను వంచేవి. వినోద ఒడిసెల ఒళ్లో పెట్టుకుని నోరు తెరుచుకుని చూసేది. కట్టయ్య గట్టు మీది నుంచి పరుగెత్తుకొచ్చేవాడు.

"నిన్ను చిలుకలను కొట్టమని ఎక్కిచ్చిన్నా, లెక్కవెట్టమని ఎక్కిచ్చిన్నా?"

కోపం చల్లారాక ఉపాయం కూడా చెప్పేవాడు. "గుంపుకు ఒక్కటే దిక్కుంటది బిడ్డా. అన్నిటిని కొట్టనక్కర లేదు. ముందటిదాన్ని అదిలించు. అది ఎటు మల్లితే కడమయి అటే మల్లుతయి."

పెళ్లయి మట్టెవాడకు వస్తే చేను లేదు, మంచె లేదు. రెండు మేడల నడుమ ఆకాశం ఒక రిబ్బను ముక్కంత కనిపించేది. కానీ రుతువులు ఇరుకు సందుల్లోకి కూడా దారి చేసుకుని వచ్చేవి. రేగుపండ్ల బండి వస్తే చలి తగ్గుతున్నట్టు. మిర్చి బస్తాల ఆటోలు పోతూ వీధంతా ఒకటే తుమ్ముతుంటే ఎండలు దగ్గర పడ్డట్టు. ముంజలమ్మే ఆడమనిషి అరుపు వినిపిస్తే ఇక నడి ఎండాకాలమే. వినోద అన్నీ చూసేది, కాగితం వెనక గీసేది.

ఆ గీత చూసే భర్త కుమారస్వామి ఆమెను మగ్గం వర్కు శిక్షణకు పంపాడు. అది మూడు నెలల కోర్సు. అక్కడ ఆమె మొదటి రోజు నేర్చుకున్నది ఖాకా. డిజైనును ముందు పల్చని కాగితం మీద గీస్తారు. గీత వెంట సూదితో సన్నటి చిల్లులు పొడుస్తారు. చిల్లుల కాగితాన్నే ఖాకా అంటారు. దాన్ని గుడ్డ మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన తెల్ల పొడి రుద్దితే, పొడి చిల్లుల్లోంచి దిగి గుడ్డ మీద చుక్కల బొమ్మ పడుతుంది. ఆ చుక్కల మీదుగా సూది నడుస్తుంది. జాకెట్టుకు చేతులు రెండు కాబట్టి ఒకే ఖాకాను రెండుసార్లు వాడతారు. ఒక చేతికి ఉన్నదున్నట్టు, రెండో చేతికి తిరగేసి. తిరగేయడం మరిస్తే రెండు చేతులూ ఒకే చేతివి అవుతాయి. ఈ పాఠం చెప్పినప్పుడు క్లాసులో అందరూ నవ్వారు. అంత మతిలేని మనిషి ఎవరుంటారని వినోద కూడా నవ్వింది.

మొదటి రెండేళ్లు జాకెట్ల మీద ఆమె గీసిన బొమ్మలే పడ్డాయి. ఒక వేపరెమ్మ, ఒక గునుగు పువ్వు. తర్వాత ఫోన్లు వచ్చాయి. వచ్చినవాళ్లందరూ ఫోను ముందుకు చాపి, "అక్కా, అచ్చం ఇట్లనే" అనేవాళ్లు. ఎవరిదో నెమలి, ఎవరిదో ఏనుగు, ఎక్కడిదో కమలం. వినోద అచ్చం అట్లనే కుట్టింది. పన్నెండేళ్లు కుట్టింది. చేయి మంచిదని పేరొచ్చింది, పని ఆగకుండా వచ్చింది. కాగితాల వెనక గీయడం ఎప్పుడు ఆగిపోయిందో ఆమెకే తెలియదు. ఆ సంగతి గమనించింది సమ్మమ్మ ఒక్కతే.

"ఈ నడుమ పెనం తుడుస్తందుకు కాగితాలు మస్తు దొరుకుతానయే" అంది ఒకరోజు. వినోద ఒకసారి రేకు డబ్బా వైపు చూసింది. ఫ్రేము మీద ఎవరిదో నెమలి సగంలో ఉంది. దాని తోక పూర్తి చేసింది.

ఫిబ్రవరి మొదటి వారంలో పద్మలత వచ్చింది. హనుమకొండలో వాళ్లది స్టీలు సామాన్ల దుకాణం. ముప్పై ఏళ్లుగా గిన్నెలు మోగించి చూసి అమ్మిన మనిషి కాబట్టి, ఏ వస్తువునైనా ముందు లోపం వైపు నుంచే చూస్తుంది. వెంట కూతురు నవ్య. మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగం. మార్చిలో పెళ్లి. సంచిలోంచి పెళ్లి జాకెట్టుకు తెచ్చిన పట్టుగుడ్డ తీసి పద్మలత ఒళ్లో పరుచుకుంది. నేరేడు పండు రంగు.

"చీరలకెళ్లి కోసిన ముక్క చెల్లె. దీనికి ఇంకో ముక్క లేదు. జర పైలం."

డిజైను చూపించమంటే నవ్య ఫోను తీసింది. ఫోను చచ్చిపోయి ఉంది. కుమారస్వామి దాన్ని తీసుకెళ్లి దుకాణంలో చార్జింగుకు పెట్టాడు. ఈలోగా కొలతలు రాసుకుందామని పెన్సిలు కోసం వినోద రేకు డబ్బా తెరిచింది. మూత జారి, పాత కాగితాలు నేల మీద పడ్డాయి. నవ్య వంగి ఏరుతూ ఒక కాగితం దగ్గర ఆగిపోయింది.

"ఇది మోదుగు గద ఆంటీ? ఆఫీసుకు పోయేటప్పుడు రోజు బస్సులకెళ్లి చూస్త. ఒక్క ఆకుండదు, అంత పువ్వే. ఇది మీరే గీసిన్రా?"

"ఎప్పుడో" అంది వినోద, కొంగు అంచు మడత పెడుతూ.

నవ్య కాగితాన్ని తిప్పింది. వెనక పెద్ద అక్షరాల్లో మార్చి తొమ్మిది, సోమవారం అని ఉంది. మళ్లీ బొమ్మ వైపు తిప్పింది. "నాకు ఇదే కావాలె."

పద్మలత కాగితం అందుకుని కళ్లకు దూరంగా పెట్టి చూసింది. "మోదుగా? ఇస్తరాకులు కుట్టే చెట్టు గదనే. పెండ్లిపిల్ల భుజం మీద ఇస్తరి పెడుతమా?"

"ఇస్తరి లేకుంటె పెండ్లెట్లయితది మమ్మీ?"

సమ్మమ్మ గడప మీద చింతపండు గింజ తీస్తూ పక్కుమంది. పద్మలతకు నవ్వు రాలేదు కానీ పట్టు సడలింది. ఒక షరతు పెట్టింది. "సరే తీ. కని చిలుకలు ఉండాలె. కుడి చేతికొకటి, ఎడమ చేతికొకటి, రెండు ముందటికి చూడాలె. తలంబ్రాలు పొయ్య చేతులు లేపితే చిలుకలు ఎదురెదురుగ ఒకదాన్నొకటి చూసుకోవాలె. మా ఆడబిడ్డ బిడ్డ పెండ్ల అట్లనే ఉండె. ఎదురెదురుగ. యాదికుంచుకో చెల్లె."

వాళ్లు వెళ్లాక వినోద కాసేపు ఏ పనీ చేయలేదు. పన్నెండేళ్ల తర్వాత ఒకరు ఫోను కాకుండా ఆమె గీత అడిగారు. సంతోషంగా పెన్సిలు పట్టుకుంది. గీసింది చూసుకుంటే పువ్వు లేదు. ఫోన్లలో చూసిన కమలాల రేకలు, ఫోన్లలో చూసిన తీగల మెలికలు. చెరిపి మళ్లీ గీసింది. మళ్లీ అవే వచ్చాయి. మూడు రోజులు అట్లాగే గడిచాయి.

"పాతది ఉన్నది గద" అన్నాడు కుమారస్వామి. "దాన్నే జర పెద్దగ గీయి."

పెద్దగా గీసింది. ఆ పాత పువ్వును పాతికేళ్ల పిల్ల ఎవరో చూసి గీసింది. ఇప్పుడు దాన్ని నకలు తీస్తే అది కూడా ఫోనులో బొమ్మలాగే అయింది. తన చేయి తనకే పరాయిదైనట్టు అనిపించి వినోదకు భయమేసింది.

మరునాడు పొద్దున సమ్మమ్మ చింపిన కాగితాన్ని పెనానికి అందకుండా తీసుకుని, టిఫిన్ డబ్బాలో రెండు రొట్టెలు పెట్టుకుని, రఘునాథపల్లి బస్సెక్కింది. కట్టయ్య పోయి ఆరేళ్లయింది. జొన్నచేనూ లేదు. తమ్ముడు పత్తి వేస్తున్నాడు, ఏరడం అయిపోయి మోడులు మిగిలాయి. గట్టు మీద మోదుగు మాత్రం ఉంది. ఆకు లేదు. కొమ్మకొమ్మకూ నిప్పు అంటుకున్నట్టు పువ్వు.

చెట్టు కింద కూర్చుని రొట్టె తింటూ చూసింది. తను మరిచిపోయినవి ఒక్కొక్కటే కనబడసాగాయి. పువ్వు ఎర్రది కాదు, కాషాయమూ కాదు. పొద్దు ఎటునుంచి పడితే అటు మారుతోంది. రేకు మీద వెండి లాంటి సన్నటి నూగు ఉంది. మొగ్గ తొడిమ దగ్గర మఖమలు గుడ్డలా ముదురు గోధుమరంగు. ఆ ముదురు రంగు లేకపోతే ఆ మంట అంతగా మండదని ఇప్పుడు అర్థమైంది. ఒక చిలుక వచ్చి వాలింది. పువ్వు మొదలు కొరికి తేనె పీల్చి, మిగతాది కింద పడేసింది. పువ్వు వినోద ఒళ్లోనే పడింది. చిలుక రెక్కలు సగం విప్పింది. అది ఎగిరేలోపు ఆ సగం విప్పిన రెక్కలను వినోద కాగితం మీద పట్టేసింది. ఎంత సులువుగా వచ్చిందంటే, గీశాక తన చేతివంక తానే ఒకసారి చూసుకుంది.

రాలిన పువ్వులతో డబ్బా నింపుకుని ఇల్లు చేరింది. ఆ రాత్రి నిద్ర బాగా పట్టింది.

పని మొదలైంది. గుడ్డను చెక్క ఫ్రేముకు బిగించి, ముందు ఎడమ చేయి కుట్టింది. ముదురు గోధుమరంగు మొగ్గలు, మూడు రకాల నారింజ దారాలతో పువ్వులు, ప్రతి రేకు అంచునా వెంట్రుకంత వెండి జరీ. సగం రెక్కలు విప్పి కొమ్మ వదలబోతున్న చిలుక. పూర్తయిన భాగాన్ని దుమ్ము పడకుండా పాత చీర గుడ్డ కప్పి ఫ్రేము కర్రకు చుట్టేసింది. మిగిలిన గుడ్డ ముందుకు లాగి, కుడి చేతికి ఖాకా పరిచి పొడి రుద్దింది. ఆ ఉదయం డబ్బాలో పువ్వులు వాడి, రంగు ఇంకో ఛాయకు తిరిగాయి. వాడిన పువ్వు రంగు కూడా ఎంత బాగుందో అనుకుంటూ, దానికి సరిపోయే దారం వెతుకుతూ రుద్దింది. అయిదు రోజుల్లో కుడి చేయి కూడా అయిపోయింది. ఇంక మిగిలింది వీపు. అక్కడ మెడ చుట్టూ సన్నటి జరీ గీత ఒకటి చాలని మాట.

మధ్యాహ్నం రెండు చేతులూ ఒకసారి పక్కపక్కన చూసుకుందామని చుట్టిన గుడ్డ విప్పింది. మురిసిపోతూ చూస్తోంది. వెనక నుంచి సమ్మమ్మ మెడ చాపింది.

"మంచిగున్నయే. కని రెండు అటే చూస్తానయేంది?"

వినోదకు ముందు అర్థం కాలేదు. తర్వాత రెండు చిలుకల ముక్కులనూ వేలితో తడిమి చూసింది. ఎడమ చేతి చిలుక ఎటు చూస్తోందో కుడి చేతి చిలుక అటే చూస్తోంది. ఖాకా తిరగేయలేదు. మొదటి రోజు పాఠం. క్లాసులో అందరూ నవ్విన పాఠం.

దారాలు విప్పేద్దామంటే పట్టు మీద సూదిపోట్లు మిగులుతాయి. జల్లెడలా కనిపిస్తుంది. కుమారస్వామి మారు మాట్లాడకుండా ఆ గుడ్డ అంచు దారం ఒకటి తీసుకుని బండి మీద బయలుదేరాడు. అలాంటి ముక్క దొరికితే కుడి చేయి కొత్తగా కుట్టొచ్చు. వరంగల్లు, హనుమకొండ దుకాణాలన్నీ తిరిగి పొద్దు గూకాక వచ్చాడు. దారం ఆమె చేతిలో పెట్టి స్టూలు మీద కూలబడ్డాడు.

"ముప్పై ఏండ్ల సంది మ్యాచింగ్ సెంటర్ నడుపుతాన. మ్యాచింగు దొరకని రంగు ఇయ్యాలనే చూసిన."

"గింత దానికి ఫికరెందుకే" అంది సమ్మమ్మ. "చెప్పకు. పెండ్లిల ఎవలు చిలుకల మొకం చూస్తరు? అందరు బంగారం చూస్తరు."

పద్మలత చూస్తుంది. గిన్నె మోగించి చూసే మనిషి. పెళ్లిలో కూతురు చేతులు లేపగానే ముందు చిలుకలనే చూస్తుంది. తిట్టడమొక్కటే అయితే వినోద ఎట్లాగో పడేది. ఆమెను కుదేలు చేసింది వేరే మాట. సొంతంగా గీస్తే ఇట్లాగే అవుతుందని అందరూ అంటారు. తనూ అనుకుంటుంది. మళ్లీ ఫోను చూసి కుట్టుకుంటుంది, ఈసారి చచ్చేదాకా. దొరికిన చేయి మళ్లీ పోతుంది. ఆ పూట కంచంలో రొట్టె ముట్టకుండానే లేచింది.

తెల్లవారి, సమ్మమ్మ గింజ తీసిన చింతపండును ఎండబెట్టడానికి వినోద మేడ మీదికి మోసుకెళ్లింది. చాప పరుస్తుంటే అరుపులు వినిపించాయి. చిలుకలు. ఇరవై దాకా ఉంటాయి. కోట వైపు నుంచి వచ్చి, నీళ్ల ట్యాంకుల మీదుగా, డిష్ యాంటెన్నాల మీదుగా, ఊరి బయటి చేల వైపు పోతున్నాయి. రోజూ పోయేవే. ఈ రోజు ఆమె చింతపండు చేతిలో పట్టుకుని మంచె మీది పిల్లలా చూసింది. ఒక్క చిలుకా ఇంకోదానికి ఎదురు తిరగలేదు. ముందుది కాస్త ఎడమకు వంగింది. కడమయి అటే వంగాయి.

గుంపుకు ఒక్కటే దిక్కుంటది బిడ్డా.

వినోద చింతపండు చాప మీద కుప్పగా పడేసి కిందికి దిగింది. ఫ్రేము నుంచి గుడ్డ విప్పి, గడప మీద కూర్చున్న అత్త భుజాల మీద కప్పింది. చేతుల భాగాలు చేతుల మీదికి, మిగతాది వీపు మీదికి వచ్చేట్టు సర్దింది.

"అత్తమ్మా, జర కదలకు."

"పొద్దుగాల్నే నన్ను పెండ్లిపిల్లను చేస్తానవేందే? మీ మామ లేకపాయె చూసుటానికి."

వినోద ఆమె చుట్టూ తిరిగింది. కుడి చేతి చిలుక వెనక్కి పోతోంది. ఎడమ చేతి చిలుక ముందుకు వస్తోంది. నడుమ వీపు ఖాళీగా ఉంది. ఆ ఖాళీయే దారి. ఇవి రెండూ ఒక గుంపులోవి. కుడి చేతి మోదుగు కొమ్మను వదిలి, వీపు మీదుగా ఎగిరి, ఎడమ చేతి కొమ్మ మీదుగా సాగిపోయే గుంపు. లేనిది మధ్యలో చిలుకలే.

ఆ రోజు క్యాలెండరు కాగితం వెనక ఏడు చిలుకలు గీసింది. పైన ఎగిరేది ఒకటి, ఒరిగేది ఒకటి, వెనకబడి తొందరపడేది ఒకటి. ఖాకా పొడిచింది. గుడ్డ మీద పరిచే ముందు మూడుసార్లు తిప్పి చూసుకుంది. మూడు రోజులు తలెత్తకుండా కుట్టింది. కుమారస్వామే వంట చేశాడు. ఉప్పు ఎక్కువైంది, ఎవరూ ఏమీ అనలేదు.

ఆదివారం పద్మలత, నవ్య వచ్చారు. సమ్మమ్మ గుమ్మం దగ్గర కూర్చుని కోడలి వంక కళ్లెర్రజేసి చూస్తోంది. చెప్పకు అని దానర్థం. వినోద కొంగు అంచు పట్టుకుంది. మడత పెట్టబోయి వదిలేసింది.

"అక్కా, గుడ్డ చూసే ముందు ఒక మాట. నేను ఖాకా తిప్పుడు మర్చిపోయిన."

తప్పు ఎట్లా జరిగిందో, ఏ గుడ్డా ఎందుకు దొరకలేదో, తర్వాత తను ఏం చేసిందో ఒక్కొక్కటే చెప్పింది. జీవితంలో అంతసేపు ఆగకుండా మాట్లాడడం ఆమెకు అదే మొదలు. పద్మలత మొహంలో ఏమీ కదలలేదు.

"నేనేమని చెప్పిన?"

"ఎదురెదురుగ అన్నరు."

"మరి ఇవేం చేస్తానయి?"

"పోతానయి" అంది వినోద.

నవ్య అప్పటికే గుడ్డ భుజాల మీద కప్పుకుంది. పద్మలత కూతురి కుడి చేయి దగ్గర నిలబడి చూసింది. నేరేడు రంగు మీద మోదుగు మండుతోంది. చిలుక రెక్క విప్పింది. అది ఎటు పోతోందో చూద్దామని ఆమె ఒక అడుగు పక్కకు వేసింది. అక్కడ ఇంకో చిలుక. ఇంకో అడుగు. వీపు మీద ఒరిగేది, తొందరపడేది. చూస్తూ చూస్తూ ఎడమ చేతి దగ్గరికి వచ్చింది. అక్కడ ఆఖరి చిలుక ముందుకు సాగుతోంది. మళ్లీ కూతురి మొహం ముందుకు వచ్చి నిలబడింది. నమ్మకం కుదరనట్టు ఇంకోసారి కుడి చేయి నుంచి మొదలుపెట్టింది.

సమ్మమ్మ ఇక ఉండబట్టలేకపోయింది. "ఏందమ్మా, బిడ్డ చుట్టు ప్రదక్షిణం చేస్తానవా?"

పద్మలత ఆగిపోయింది. తను నిలబడ్డ చోటు చూసుకుంది. గుడిలో తిరిగేది ఈ దిక్కుకే. చిలుకలు తిరిగేదీ ఈ దిక్కుకే. ఆమె పెదవి ఒక పక్క ముందు వంగింది, తర్వాత నవ్వు మొత్తం బయటపడింది. నవ్య పడీపడీ నవ్వింది. దుకాణంలోంచి కుమారస్వామి ఏమైందోనని పరుగెత్తుకొచ్చాడు.

"మా ఆడబిడ్డ అడుగుతది" అంది పద్మలత కళ్లు తుడుచుకుంటూ. "ఎదురెదురుగ ఎందుకు లెవ్వని."

"ఎదురెదురుగ నిలవడేటియి కోడిపుంజులని చెప్పు మమ్మీ. కొట్లాటకు."

పద్మలత ఇంకోసారి గుడ్డ అంచు పట్టి, కుట్టు వెనక వైపు తిప్పి, ముడులు ఎట్లా ఉన్నాయో చూసింది. అలవాటు పోదు. లోపం దొరకలేదు. "చెప్పకపోతే ఇదే డిజైన్ అనుకుందును. చెప్పినవ్, మంచిది. నా మనసుల ఏం లేదు చెల్లె" అంది. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "మా చిన్నబిడ్డకు వచ్చే ఏడు చేస్తం. అది వానకాలం పెండ్లయితే వానకాలంల ఏం పూస్తయో చూసి పెట్టు" అంది.

వాళ్లు సందు తిరిగేదాకా వినోద నిలబడే ఉంది. తర్వాత గడప మీద కూర్చుంది. అయిదు రోజులుగా బిగబట్టిన ఊపిరి అంతా ఒక్కసారి వదిలినట్టు ఒళ్లు తేలికైంది. ఆకలి వేసింది. ఎన్ని రొట్టెలు తిన్నదో లెక్క పెట్టుకోలేదు. కుమారస్వామి వండిన ఉప్పటి పప్పు కూడా రుచిగానే ఉంది.

ఇప్పుడు ఆ గదిలో ఫ్రేము ఎదుటి గోడకు ఒక అట్టముక్క వేలాడుతోంది. దాని మీద 'తిప్పినవా?' అని ఎర్ర అక్షరాలతో రాసి ఉంది. సమ్మమ్మ చదవలేదు కానీ అందులో ఏముందో అడిగి తెలుసుకుంది. వినోద పొడి డబ్బా మూత తీసిన చప్పుడు వినిపిస్తే చాలు, ఇంట్లో ఏ మూలనున్నా, "తిప్పినవానే?" అని అరుస్తుంది. ఫోను డిజైన్లు ఆగిపోలేదు. వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు, అచ్చం అట్లనే అంటూనే ఉన్నారు. వినోద కుడుతూనే ఉంది. అయితే ఫోను చాపే ముందు కొందరు రేకు డబ్బా వైపు చూస్తున్నారు.

పద్మలత వచ్చిపోయిన ఆదివారం తెల్లవారి, సోమవారం పొద్దున సమ్మమ్మ క్యాలెండరు కాగితం గుంజింది. "ఇగ ఇదొక దినం" అంది. దాన్ని పొయ్యి దగ్గరికి తీసుకుపోలేదు. మడత పెట్టకుండా తెచ్చి, పొడి డబ్బా పక్కన, పెన్సిలు కింద పెట్టింది.

"మరి పెనానికి?" అంది వినోద.

"పాత చీర పీలిక ఉన్నది తీ" అంది సమ్మమ్మ. "మేడ మీద నా చింతపండు కుప్పవోసి ఉరికినవ్ ఆనాడు. ఇయ్యాలన్న సక్కగ ఆరవోయి. పోయినదానివి ఏమన్న కండ్లవడితే చూసిరా."